మామా కబీరా వాకర్ వద్దన్న కారణం

2022లో నేను కువైట్‌లో, ముబారక్ అల్ కబీర్‌లోని ఒక ఇంట్లో పెద్దావిడని చూసుకునే పనిలో ఉన్నాను. ఇక్కడ యజమానురాలిని మామా అంటాం. పెద్దావిడ ఆ మామాకి తల్లి కాబట్టి ఆవిడని మామా కబీరా, అంటే పెద్ద మామా, అనేవాళ్ళం. మాది రాజోలు దగ్గర పల్లె. నేను బడికి వెళ్ళలేదు. మా నాన్న బైబిలు ముందు పెట్టి ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. ముసలివాళ్ళని లేపడం, కూర్చోబెట్టడం, ఒళ్ళు తుడవడం ఇక్కడి ఇళ్ళల్లోనే నేర్చుకున్నాను. నా చేతికి పని ఇచ్చిన దేవునికి స్తోత్రం.

మామా కబీరాకి మోకాళ్ళు అరిగిపోయాయి. మంచం నుంచి బాత్రూముకి, అక్కడినుంచి నమాజు కుర్చీకి, సాయంత్రం చుట్టాల ఆడవాళ్ళు కూర్చునే హాల్లోకి, ఎక్కడికైనా నా ఎడమ భుజం మీద చెయ్యేసి నడిచేది. మనిషి భారీ మనిషి. కొన్నాళ్ళకి నా భుజం పట్టేసింది. జడ వేసుకుందామన్నా చెయ్యి వెనక్కి వెళ్ళేది కాదు.

వంటచేసే రమణమ్మక్కది రాయచోటి. "నీ భుజమేమన్నా బస్సులో కమ్మీనా పాపా, ఆయమ్మ యాలాడేదానికి? నోరు తెరిచి చెప్పు" అనేది.

"చెబితే పంపించేస్తారక్కా."

"చెప్పకుంటే చెయ్యి పడిపోతాది. అప్పుడు మాత్రం పెట్టుకుంటారా?"

ఈలోగా ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి పెద్దావిడకి వాకర్ రాసిచ్చింది. నాలుగు కాళ్ళ తేలికపాటి చట్రం అది, రెండు చేతులతో పట్టుకుని నడవాలి. మామా దాన్ని కొని తెచ్చి, "సుగుణా, అమ్మకి అలవాటు చెయ్యడం నీ పని" అని చెప్పి షర్క్‌లో ఆఫీసుకి వెళ్ళిపోయింది.

మామా కబీరా దాన్ని పైనుంచి కిందికి చూసింది. ఆవిడ అరబ్బీలో అన్న మాటలు నా తెలుగులో రాస్తున్నాను.

"ఇనుప గాడిద. దీనిమీద అబాయాలు ఆరేసుకో." అబాయా అంటే ఇక్కడి ఆడవాళ్ళు బట్టల మీద వేసుకునే పొడుగాటి నల్ల బురఖా.

"పడిపోతారు మామా."

"నువ్వు లేవా పట్టుకోడానికి?"

రోజూ ఇదే గొడవ. ఒక మధ్యాహ్నం మాత్రం అసలు సంగతి చెప్పింది.

"ఇది వస్తే నువ్వు పోతావు."

నేను నవ్వేశాను. "నేనెక్కడికి పోతాను? నా ఇఖామా మీ ఇంటిదే కదా." ఇఖామా అంటే ఇక్కడ ఉండనిచ్చే కాగితం. అది ఏ ఇంటిదైతే ఆ ఇంట్లోనే మా పని.

"నా కూతురు సంగతి నీకు తెలీదు."

"ఇన్నాళ్ళు ఆవిడ దగ్గర పనిచేశాను, తెలీదా?"

"నువ్వు పనిచేశావు. నేను కన్నాను."

ఆ తర్వాత ఒకరోజు ఆవిడకి తల దువ్వుతుంటే నా ఎడమ చెయ్యి సగంలో ఆగిపోయింది. అద్దంలో చూసింది. నన్ను వంగమని భుజాన్ని వేళ్ళతో తడిమింది. ఎప్పుడూ తను చెయ్యి వేసే చోటే. మర్నాడు పొద్దున నమాజు అయ్యాక, "ఆ గాడిదని తీసుకురా" అంది.

చేతులు కిందికి వదిలి నిలబడితే వాకర్ పిడి మణికట్టు దగ్గరికి రావాలి. అలా ఎత్తు సరిచేశాను. పడబోతే పట్టుకోడానికి నడుముకి గెయిట్ బెల్ట్ కట్టాను, అది వెడల్పాటి పట్టీ. ముందు వాకర్, తర్వాత నొప్పి కాలు, ఆ తర్వాత మంచి కాలు అని చెప్పాను.

"రెండూ నొప్పి కాళ్ళే. ఏది ముందు?"

"ఎక్కువ తిట్టించుకునే కాలు ముందు వెయ్యండి మామా."

చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వింది. మెల్లగా అలవాటైంది. ఒక సాయంత్రం తనంతట తనే హాల్లోకి నడిచి వెళ్తే ఆడవాళ్ళందరూ మాషాల్లా అన్నారు. వెనక ఖాళీ చేతులతో నడుస్తూ నేను మనసులోనే స్తోత్రం చెప్పుకున్నాను.

ఆ వారమే మామా నన్ను వంటింట్లోకి పిలిచింది. "అల్‌హమ్దులిల్లా, అమ్మ సొంతంగా నడుస్తోంది. ఇంక ఇక్కడ నీకు పనేముంది? మా చెల్లికి కవలపిల్లలు. నీ ఇఖామా అక్కడికి మార్పిస్తాను."

"పెద్దావిడ పక్కన మనిషి ఉండాలి మామా."

"వాకర్ ఉందిగా."

"నా భుజం బాలేదు. పిల్లల్ని ఎత్తుకోలేను."

"పసిపిల్లలు ఏం బరువు? ఖలాస్."

బట్టలు సర్దుకుని పెద్దావిడ గదికి వెళ్ళాను. గోడవైపు తిరిగి తస్బీహ్, జపమాల, తిప్పుతోంది. వెళ్ళొస్తానన్నాను.

"చెప్పాను కదా" అంది. తల తిప్పలేదు.

ఈద్ పండక్కి మామా చెల్లెలివాళ్ళతో ఆ ఇంటికి వెళ్ళాను. పెరట్లో వాకర్ మీద తడి అబాయాలు ఆరేసి ఉన్నాయి. పెద్దావిడ చక్రాల కుర్చీలో ఉంది.

"నువ్వు పోయినప్పట్నుంచి లేస్తే ఒట్టు" అంది రమణమ్మక్క. "పడిందీ లేదు, ఏమీ లేదు. ఊరికే మానేసింది. ఇప్పుడు కాళ్ళు బిగుసుకపోయినాయి."

దగ్గరికి వెళ్ళి అలవాటుగా ఎడమవైపు నిలబడి వంగాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని రెండోవైపుకి తిప్పింది. కుడి భుజం మీద చెయ్యేసి లేవబోయింది. కాళ్ళు లేవలేదు. మళ్ళీ కూర్చుంది. అటుగా వెళ్తున్న మామా, "అమ్మకి మొండితనం ఎక్కువైంది" అంది.

ఇప్పుడు ఏ ఇంట్లోనైనా ముసలివాళ్ళు వాకర్ వద్దంటే నేను మొండివాళ్ళనుకోను. అది వస్తే ఇంట్లోంచి ఏం పోతుందని మీ భయం అని అడుగుతాను. వాళ్ళు చెబితే నవ్వను. అయినా పోయేదాన్ని ఆపడం నా చేతిలో లేదు. ఈ పనిలో ఉన్న చేదంతా అదే.

తిండి పెట్టిన ఇల్లు, కృతజ్ఞత లేకపోలేదు. ఇక్కడ సెలవు రోజైన శుక్రవారం మా చర్చి ప్రార్థనలో అందరూ చేతులెత్తి స్తుతిస్తుంటే నా ఎడమ చెయ్యి ఇప్పటికీ సగంలో ఆగిపోతుంది. ఆగినచోటే పెద్దావిడ పేరు తలుచుకుంటాను.