అత్తగారు చెప్పిన సాక్ష్యం

మా అత్తగారు పోయిన ఆదివారం తెల్లవారుతుండగా కన్నుమూశారు. ఆ కబురు ముందుగా చెప్పవలసింది ఆమె ఒక్కగానొక్క కొడుక్కి, అంటే మా ఆయనకి. కాకినాడకి ఫోన్ చేసి, "అత్తయ్యగారు పోయారండీ" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశారు.

మాది భీమవరం దగ్గర పల్లె. అత్తగారు అంగన్‌వాడీలో ఆయాగా చేసేవారు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమెతో వేగడం నాకు చాలా కష్టంగా ఉండేది. ఓసారి చుట్టాలావిడ ఫోన్ చేస్తే, తలనొప్పిగా ఉండి, లేనని చెప్పమన్నాను. ఆమె ఫోన్ తీసి, "ఉందమ్మా, ఇప్పుడు మాట్లాడలేనంటోంది" అనేశారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంత చిన్నదానికి కూడానా అని అడిగితే, "చిన్నదానికే అబద్ధమాడితే, పెద్దది వచ్చినప్పుడు నిజం ఎక్కణ్ణించి వస్తుందే?" అన్నారు.

ఆ పెద్దది మా ఇంటికే వచ్చింది. ఒక సాయంత్రం మా ఆయన స్నేహితుడి పెళ్లివిందుకి వెళ్లి, ఎవరో యానాం నుంచి తెచ్చిన మందు తాగి, బండి మీద వస్తూ ఒక మనిషిని గుద్దేశారు. అతను ఐస్ ఫ్యాక్టరీలో పని ముగించుకుని సైకిల్ మీద ఇంటికి పోతున్నాడు. ఈయన ఆగకుండా వచ్చేసి, పెరట్లో కుళాయి దగ్గర బండి కడుగుతుంటే అత్తగారు వెళ్లి నిలబడ్డారు.

"ఎవరి రక్తంరా ఇది?"

"కుక్క అడ్డొచ్చిందమ్మా."

ఆమె వంగి, బండికి చిక్కుకున్న క్యారేజీ సంచీ ఒకటి లాగారు. "కుక్క క్యారేజీ పట్టుకెళ్తుందా నాన్నా?"

ఆయన అక్కడే కూలబడి ఏడ్చారు. "పద, బతికున్నాడేమో" అని ఆమె చెయ్యి పట్టుకు లాగినా కదల్లేదు. చివరికి ఎక్కడో అడిగి తెలుసుకుని, ఆమె ఒక్కరే ఆటో ఎక్కి వెళ్లారు. అప్పటికే అతని ప్రాణం పోయింది.

మర్నాడు పోలీసులు ఊళ్లోకి వచ్చారని తెలిసి, మా చర్చి పెద్ద ఒకాయన ఇంటికి వచ్చారు. "అబ్బాయి నిన్న సాయంత్రం ఇంట్లోనే ఉన్నాడని ఒక్క మాట అనండమ్మా, మిగతాది మేం చూసుకుంటాం. లోకంలో బతుకుతున్నాం, లోకం తీరు కూడా చూడాలి కదండీ" అన్నారు.

"లోకం తీరే చూసుకునేట్టయితే, ఇన్నాళ్లూ ప్రతి ఆదివారం చర్చికి ఎందుకు వచ్చామండీ మనం?" అన్నారు అత్తగారు. ఆయన తల దించుకుని వెళ్లిపోయారు.

చంటిపిల్లని చంకనేసుకుని నేను ఆమె కాళ్లు పట్టుకున్నాను. "మీకు కొడుకు కావాలా, దేవుడు కావాలా?" అని అరిచాను.

"ఇద్దరూ కావాలే తల్లీ" అని ఆమె వెక్కి వెక్కి ఏడ్చారు. "కానీ ఆ పోయినబ్బాయికి కూడా తల్లి ఉంటుంది కదే."

స్టేషన్‌లో నిజమే చెప్పారు. తర్వాత కోర్టులోనూ అదే చెప్పారు. మా ఆయనకి శిక్ష పడింది. "నాకు తల్లి లేదు" అని కోర్టు వరండాలో అందరూ వినేట్టు అన్నారు. జైలు నుంచి విడుదలై కాకినాడలో పనికి కుదిరారు. ఆమె ఉన్న ఇంటి గడప తొక్కనన్నారు. ఆమెను ఒంటరిగా వదిలి నేను వెళ్లలేకపోయాను. మొదట్లో నెలల తరబడి అన్నం పెట్టాను గాని ఆమెతో మాట్లాడలేదు.

మా చర్చిలో ఆరాధన మధ్య సాక్ష్యాలు చెబుతారు. దేవుడు ఉద్యోగం ఇచ్చాడనీ, రొయ్యల చెరువు నష్టం రాకుండా కాపాడాడనీ చెబితే అందరూ స్తోత్రం అంటారు. అత్తగారు లేచి నిలబడితే మాత్రం ఎవరూ నోరు విప్పేవారు కాదు. కొడుకుని జైలుకి పంపిన తల్లి అని, చాప మీద ఆమె పక్కన కూర్చున్న ఆడవాళ్లు జరిగిపోయేవారు. ఆమె ఇంటికి వచ్చి, గోడకి నుదురు ఆనించి ప్రార్థన చేసేవారు. "ప్రభువా, చెప్పమన్నావు, చెప్పాను. నా బిడ్డని నాకిచ్చెయ్. ఇవ్వకపోతే నన్నయినా తీసుకుపో." జవాబేదీ రాలేదు. వచ్చిందని ఆమె ఏనాడూ అబద్ధం చెప్పలేదు.

"ఆ రోజు మళ్లీ వస్తే ఏం చేస్తారు?" అని ఒకసారి కోపంగానే అడిగాను.

"మళ్లీ నిజమే చెప్తానే. మళ్లీ ఇలాగే ఏడుస్తాను."

ఆమె చేసింది ఒప్పని పైకి అనడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. కానీ ఆమె నాతో అన్న ఏ మాటనీ నేను ఇంకొకరిని అడిగి తేల్చుకోవలసిన అవసరం రాలేదు. అలాంటి మనిషి నీడన బతికానని ఈ వారం రోజులుగా తెలిసొస్తోంది.

మా సమాధుల తోట కాలవ పక్కనే. అక్కడ గొయ్యి తవ్వితే నీళ్లూరతాయి. ఆమెను పూడ్చే రోజున మనుషులు బకెట్లతో తోడుతూనే ఉన్నారు. "ఇంకా ఆగమంటారా అమ్మా?" అని పాస్టరుగారు అడిగారు. "కాసేపండీ, ఆయన వస్తారేమో" అన్నాను. అంతలో మా పాప నా కొంగు లాగింది. కాలవ గట్టు మీద, తలకి తువ్వాలు చుట్టుకుని వాళ్ల నాన్న నిలబడి ఉన్నారు. గబగబా వెళ్లి, "రండి, ఒక్క పిడికెడు మట్టి వేసి వెళ్లిపోండి" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

గొయ్యి దగ్గరున్నవాళ్లు ఇక ఆగలేకపోయారు. పెట్టె దించితే నీళ్లలో కాస్త తేలింది. ఇద్దరు గెడలతో అదిమి పట్టుకుంటే మిగతావాళ్లు మట్టి పోశారు.

అందరూ వెళ్లిపోయాక వెనక్కి తిరిగి చూశాను. ఆయన గట్టు దిగి తోట గేటు దాకా వచ్చారు. గేటు ఊచలు రెండు చేతులతో పట్టుకుని లోపలికి చూస్తున్నారు. గేటు తీసే ఉంది.