కాస్త ఇది పట్టుకోండి

పొద్దున్నే టీ నీళ్ళు మరిగేలోపు ఆవిడ వీధి తలుపు తీసి, మొదట కనబడిన మనిషి చేతిలో ఒక తడి మట్టిముద్ద పెడుతుంది. "కాస్త ఇది పట్టుకోండి," అంటుంది. ఎందుకని అవతలివాళ్ళు నోరు తెరిచేలోపే, "చాలు, ఇచ్చెయ్యండి," అంటుంది. అంతే. ముద్ద మీద ఆ మనిషి పట్టు అచ్చుపడి ఉంటుంది. మనిషికి మాత్రం చేతినిండా బురద మిగులుతుంది.

ఇరవై ఏడేళ్ళుగా ఇదే వరస. ఆవిడకు తల్లిదండ్రులు పెట్టిన పేరు కాగితాల మీద భద్రంగానే ఉంది. వీధి మాత్రం 'పట్టుకోండమ్మ' అనే పిలుస్తుంది.

పట్టుకోండమ్మ మట్టితో కప్పులు చేస్తుంది, పళ్ళాలు చేస్తుంది, చెవులూ మోకాళ్ళూ అరిచేతులూ చేస్తుంది. అయితే ఒక్కటీ చక్కగా ఉండదు, ఉండనివ్వదు. సారె మీంచి ఎప్పుడైనా పొరపాటున గుండ్రటి కప్పు దిగితే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్నెవరూ ముట్టుకున్నట్టే లేదు," అని పెదవి విరిచి మళ్ళీ మట్టిలో కలిపేస్తుంది.

ఆవిడ భర్త గడియారాలు బాగుచేస్తాడు. జంటలు కలిపేటప్పుడు దేవుడు కునికిపాట్లు పడతాడనడానికి ఆ వీధిలో ఇంతకు మించిన సాక్ష్యం లేదు. అర సెకను తేడా వస్తే గడియారాలాయనకు అన్నం సయించదు. ఆయన భార్య చేసిన ప్రతి పళ్ళెం మీదా రసమట్టం పెట్టి చూసేవాడు.

"నీ పళ్ళెం నా వైపుకి వాలిందే."

"కూరంతా మీ వైపే జారుతుంది. తినండి."

ఆవిడ బారినుంచి తప్పించుకున్నవాళ్ళు లేరు. ఒకసారి పోస్టుమాన్ ఒక చేత్తో ఉత్తరాలూ ఒక చేత్తో సైకిలూ పట్టుకుని, "ఇవాళ చేతులు ఖాళీ లేవమ్మా," అన్నాడు, యుద్ధం గెలిచినవాడిలా. "చంక ఖాళీగానే ఉందిగా," అంటూ ఆవిడ ముద్దను అక్కడ ఇరికించింది. చొక్కా ఆరేదాకా పాపం ఆ మనిషి రెక్క విరిగిన కోడిలా నడుస్తూ ఉత్తరాలు పంచాడు.

జ్వరమని ఆస్పత్రికి తీసుకెళితే, నాడి చూస్తున్న డాక్టరు రెండో చేతిలో ముద్ద పెట్టింది.

"ఏమిటమ్మా ఇది?"

"నా చెయ్యి మీరు పట్టుకోలేదూ? నా మట్టీ పట్టుకోండి."

డాక్టరుగారి బొటనవేలు విల్లులా వెనక్కి వంగుతుందని ఆ రోజే అందరికీ తెలిసింది.

ఎదురింటి దర్జీకి చిన్నప్పుడు మిషను సూది దిగి చూపుడువేలు వంకర తిరిగిపోయింది. దాన్నెప్పుడూ గుప్పిట్లోనే దాచుకునేవాడు. పట్టుకోండమ్మ అతని ముద్దను వెలుగుకి ఎత్తిపట్టి, "అబ్బబ్బ! ఏం వంకరయ్యా తమ్ముడూ! లక్షమందిలో వెతికినా దొరకదు," అని మురిసిపోయింది. ఆ మర్నాటినుంచీ దర్జీ ఏ గుడ్డ చూపించినా ఆ వేలితోనే చూపిస్తున్నాడు.

ఇన్ని అచ్చులూ ఏమవుతాయో గడియారాలాయన పట్టించుకునేవాడు కాదు. కొన్ని బట్టీలో కాలి గోడకెక్కేవి. నెలకోసారి మాత్రం ఆవిడ ఒక రూపూ తీరూ లేని కప్పులు నాలుగైదు సంచిలో వేసుకుని వీధిలో పంచి వచ్చేది.

"పాడైనవన్నీ జనం ఇళ్ళకు తోలుతున్నావన్నమాట."

"మరి మనింట్లో చోటేదీ?"

కిందటి చలికాలంలో గడియారాలాయన కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. వెంట్రుకంత స్ప్రింగు పట్టకారులోంచి జారి ఎటో ఎగిరిపోతే, దానికోసం ఆయన రెండు గంటలు నేలమీద పాకాడు. దొరకలేదు. మర్నాడు దుకాణం తలుపుకి 'కొన్నాళ్ళు సెలవు' అని అట్ట వేలాడింది. ఇంట్లో అడిగితే, "కళ్ళు అలిసిపోయాయే," అన్నాడు. చెయ్యి జేబులోకి పోయింది, ఇక బయటికి రాలేదు.

నలుగురిలో ఎవరు టీ ఇచ్చినా, "ఇప్పుడే తాగాను," అనేవాడు. ఆ ఏడాది ఆయన 'ఇప్పుడే' తాగిన టీతో ఒక చెరువు నింపొచ్చు. భార్య మట్టిముద్దతో వస్తున్న అలికిడి వింటే స్నానాలగదిలో దూరేవాడు. అలా రోజుకి మూడుసార్లు స్నానం. కొన్నాళ్ళకు ఆవిడ ఆయన్ని అడగడమే మానేసింది. ఇన్నేళ్ళ పెళ్ళాన్ని భలే బురిడీ కొట్టించానని గడియారాలాయన తనలో తాను మీసం మెలేసుకున్నాడు, ఎడమచేత్తో.

ఇంతలో ఊరి కళాభవనం వాళ్ళ దృష్టి ఆవిడ మీద పడింది. ఇరవై ఏడేళ్ళలో మొదటి ప్రదర్శన. ఆవిడ వారంరోజులపాటు గోడ మీది చెవుల్నీ మోకాళ్ళనీ దించి తుడిచి, మళ్ళీ ఎక్కించింది. ఎంపిక చెయ్యడానికి భవనం మేనేజరు నలగని తెల్లచొక్కాతో వచ్చాడు. గుమ్మంలోనే ఆయన చేతిలో ముద్ద పడింది.

"కాస్త ఇది పట్టుకోండి."

ఆయన చేతులు కడుక్కుని వచ్చి గది చుట్టూ తిరిగాడు. ముఖం అంతకంతకూ ముడుచుకుపోయింది.

"అమ్మా, ఈ చెవి పగిలిపోయింది."

"బట్టీలోనే పగిలిందండీ. పగలకముందు ఉత్త చెవి. ఇప్పుడు చూడండి, వింటున్నట్టు లేదూ?"

మేనేజరు వినలేదు. బల్లమీదున్న ఒక కప్పు తీశాడు. పిడి లేదు. ఒక పక్క లోతుగా ఒక గుంట, రెండో పక్క ఎగుడుదిగుడుగా నాలుగు. అడుగు రాయిలా బరువు. అంచు లోపలికి ముడుచుకుని ఉంది. ఎలా పట్టుకున్నా ఆయన చేతికి అది ఇమడలేదు.

"ఏమీ అనుకోకండి. మేం లోపం లేని పనే పెడతాం. ఇవన్నీ సరిచేసి ఇస్తే వచ్చే ఏడాది చూద్దాం. అయినా ఈ కప్పుతో మనిషన్నవాడు టీ తాగగలడా? దీన్నెవరు పట్టుకుంటారమ్మా?"

మాటకు మాట అప్పజెప్పే మనిషి, చీరకంటిన మట్టిని గోటితో గీరుకుంటూ నిలబడింది. గడియారాలాయన కుర్చీలోంచి లేచాడు. ఆ పళ్ళాలకు వంకలు పెట్టే హక్కు వాటిల్లో ఇన్నేళ్ళు తిన్నవాడికి ఉంది. ఈ తెల్లచొక్కాకి ఎక్కడిది?

"నేను పట్టుకుంటాను. టీ పొయ్యవే. నిండుగా పొయ్యి!"

అన్నాక గుర్తొచ్చింది, చెయ్యి జేబులో ఉందని. 'ఇప్పుడే తాగాను' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ భార్య అప్పటికే కప్పులో ముప్పాతిక దాకా టీ పోసి ముందు పెట్టింది. ఎడమచెయ్యి చాచాడు. ఆ గుంటలు ఎడమచేతికి కుదరలేదు. చేసేదిలేక ఏడాదిగా దాచిన కుడిచెయ్యి బయటికి తీశాడు. గాలికి ఆకు కదిలినట్టు అది కదులుతోంది. మేనేజరు చూశాడు. చూస్తే చూశాడు.

బొటనవేలు లోతు గుంటలోకి తనంతట తానే వెళ్ళి కూర్చుంది. మిగతా నాలుగూ, ఒక్కోటీ తన చోటు తనకు ముందే తెలిసినట్టు సర్దుకున్నాయి. అడుగు బరువుకి వణుకు సగానికి తగ్గింది. లోపల టీ ఊగింది, ముడుచుకున్న అంచుకి తగిలి వెనక్కి పోయింది. చుక్క కింద పడలేదు. ఆయన సగం తాగి, కప్పు వంక చూసి, భార్య వంక చూశాడు.

"ఇది నా చెయ్యే!"

"కాక ఎదురింటాయనదా?"

"నేను ముద్దే పట్టుకోలేదు కదే!"

"మెత్తగా ఉంటుందని మొన్నామధ్య మీ కుర్చీ చేతికి గుడ్డ చుట్టానా? దాని కింద మట్టి పెట్టాను. పేపరు చదివినంతసేపూ పట్టుకునే కూర్చున్నారు. ఏడు కప్పులు పాడయ్యాయి, ఇది ఎనిమిదోది."

"అంటే... నీకు తెలుసా?"

"రోజుకి మూడుసార్లు స్నానం చేసే మొగుడికి ఏదో వచ్చిందని తెలీదుటండీ?"

గడియారాలాయన కళ్ళముందు దర్జీ ఇంట్లోని గూని కప్పు మెదిలింది. దాన్ని దర్జీ తప్ప ఎవరూ పట్టుకోలేరు. పోస్టుమాన్‌ది ఇంకోరకం, డాక్టరుది మరోరకం. పాడైనవి కావు. దేని చేతిని అది వెతుక్కుంటూ వెళ్ళిన కప్పులు. ఇన్నేళ్ళూ రసమట్టం పెట్టి తను కొలిచిందేమిటో తలుచుకుని ఆయన గట్టిగా నవ్వేశాడు.

మేనేజరు బల్ల చివర ఆరుతున్న తన ముద్ద దగ్గరికి నడిచాడు. గొంతు తగ్గించి, "నాది ఎలా వచ్చిందమ్మా?" అన్నాడు.

"మీకు చిటికెనవేలు ఆనదు. కప్పు ఒరిగి చెయ్యి కాలుతూ ఉంటుంది కదూ?"

"చిన్నప్పట్నుంచీ," అన్నాడాయన, ఆ సంగతి తననింతవరకూ ఎవరూ అడగలేదన్నట్టు.

వచ్చే ఏడాదిదాకా ఆగకుండా, ఏదీ సరిచెయ్యకుండా ప్రదర్శన ఎనిమిది రోజులు జరిగింది. 'వస్తువులను ముట్టరాదు' అన్న బోర్డును మేనేజరే స్వయంగా తీసి బీరువాలో పెట్టాడు. వీధి మొత్తం తమ తమ కప్పులు తెచ్చి వరసగా పెట్టి, వాటి పక్కనే కాపలా కాసింది. వచ్చినవాళ్ళ చేతుల్లో ముద్దలు పెట్టీ పెట్టీ పట్టుకోండమ్మకు రెండోరోజే మట్టి అయిపోయింది. గడియారాలాయన ఎనిమిది రోజులూ ఒక్కచోటే నిలబడి, ఎదురైన ప్రతివాళ్ళకూ కుడిచెయ్యి చాపి చూపించాడు. "ఇదీ చెయ్యి, అదీ కప్పు. వెంట్రుకవాసి తేడా ఉందేమో చూడండి. నలభై ఏళ్ళు గడియారాలు చూశాను, ఇంత ఖచ్చితమైన పని చూడలేదు. చేసింది మా ఆవిడ!" కప్పు చల్లారిపోతే మళ్ళీ పోయించుకుని, జనం ఎదుట మళ్ళీ తాగాడు.

గడియారాలాయన ఇప్పుడు పొద్దుటిపూట దుకాణం తెరుస్తున్నాడు. చేతివాచీలు పుచ్చుకోడు. గోడగడియారాలు మాత్రం బాగుచేస్తాడు.