బెత్లెహేము దారిలో సైనికుడు

మా సంఘంలో క్రిస్మస్ నాటకం బాధ్యత చాలా ఏళ్ళుగా నాదే. రాజోలు దగ్గర మా ఊరి చర్చిలో ఏటా మరియ, యోసేపు బెత్లెహేము చేరతారు, సత్రం యజమాని నవ్విస్తాడు, గొల్లలు పాడతారు. జనానికి అంతా కంఠతా వచ్చు.

మొన్న డిసెంబరులో మా అక్క కువైట్ నుంచి సెలవు మీద వచ్చింది. అక్కడ ఒక పాలస్తీనా పెద్దావిడను చూసుకోవడం తన పని. ఆవిడ పుట్టింది బెత్లెహేములోనే. వయసులో ఉండగా నాటకాలాడేదట. మా రిహార్సల్ చూస్తూ అక్క ఆ సంగతులు చెప్పింది. ఊరు పరాయి సైన్యం అధీనంలో ఉండడంతో, రాసిన నాటకం ముందుగా ఆ సైనికాధికారులకు చూపించి అనుమతి తెచ్చుకోవాలట. హాలు దొరక్కపోతే బడిగదుల్లో ఆడేవారట. దారిలో సైనికులు ఆపేస్తే కొందరు నటులు వచ్చేవారే కాదట. వచ్చినవాళ్ళే వాళ్ళ మాటలు కూడా చెప్పి ఆట పూర్తి చేసేవారట.

ఊహ తెలిసినప్పటి నుంచి ఆ ఊరి పేరు పాటల్లో పాడుతున్నాను. అక్కడ ఇప్పటికీ జనం ఉంటారని, వాళ్ళకీ ఒక నాటకం ఉంటుందని ఎన్నడూ తోచలేదు.

నాటకంలో ఒక దృశ్యం కలిపాను. నిండు గర్భిణిని, ఆమె భర్తను సైనికుడు దారిలో ఆపుతాడు. అంతే. సైనికుడి వేషం మా మరిదికి ఇచ్చాను. తను తాటిపాకలో గ్యాస్ ప్లాంటు గేటు దగ్గర సెక్యూరిటీ.

విషయం తెలిసి సంఘ పెద్ద ఒకాయన వచ్చేరు. "పండగ పూట గాజా గొడవ చర్చిలోకి ఎందుకమ్మా?"

పాస్టరుగారు నెమ్మదిగా అన్నారు. "యోసేపు ఆ దారి పట్టింది కూడా రాజాజ్ఞ మీదేనండీ. వెయ్యనివ్వండి."

రిహార్సల్‌ని అక్క ఫోన్లో పెద్దావిడకు చూపించింది. మా మరిది కర్ర ఆడిస్తూ గట్టిగా అరిచాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపి, అరబ్బీలో ఏదో అంది.

"అరవకూడదంటండీ," అంది అక్క. "సైనికుడు ముఖం కూడా చూడడంట. కాయితాలే చూస్తాడంట. అరిస్తే అవతలోళ్ళూ అరవొచ్చు కదా అంటన్నారు."

మా మరిది కర్ర దించేశాడు. "మా గేటు దగ్గరా అంతే వదినా. నేనూ కార్డే చూస్తాను, మనిషిని చూడను."

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం అతను అలాగే చేశాడు. కాయితాలు తీసుకున్నాడు, తిరగేశాడు, పక్కన పెట్టి వేరేవైపు తిరిగాడు. మరియ వేషం వేసిన అమ్మాయి నడుం పట్టుకుని నిలబడే ఉంది. నవ్వడానికి సిద్ధంగా వచ్చిన జనం కదలకుండా కూర్చున్నారు. ముందు వరసలోంచి ఒక మామ్మగారు ఆగలేక అడిగేసేరు.

"నెలలు నిండిన పిల్లండీ, ఎంతసేపు నిలబెడతారు? వదిలేయండి బాబూ!"

మా మరిది తల తిప్పలేదు. తెర వెనక నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆట అయ్యాక, వద్దన్న పెద్దాయనే తెర విప్పడానికి సాయం పట్టేరు. "వచ్చే ఏడు పాతదే వేద్దామమ్మా. ఇది చూసేక అన్నం సయించేలా లేదు," అన్నారు. ఆయ్, అన్నాను. ఆయనతో వాదించాలనిపించలేదు.

సెలవు అయిపోయి అక్క తిరిగి వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే, పెద్దావిడ ఈమధ్య ఎక్కువగా పడుకునే ఉంటోందని చెబుతోంది. మెలకువగా ఉన్నప్పుడు, ఆట మధ్యలో మామ్మగారు అడిగిన మాటలు అక్కచేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని వింటోందట.