ఐదు ఆదివారాలు

నా చిన్నప్పుడు, పదకొండేళ్ళ వయసులో, ఒక ఎండాకాలం నేను పోగొట్టుకున్నవన్నీ రఫ్ నోటుబుక్కు చివరి పేజీలో రాసి లెక్క చూసుకున్నాను. ఆరు తేలాయి. పొద్దున్నే అక్క వేసే రెండు జడలు, వాటిని ఒకటిగానే లెక్కేశాను. ఒకే మంచం మీద మొహాలు ఎదురెదురుగా పెట్టుకుని పడుకోవడం. అక్క ఇప్పుడు గోడవైపు తిరిగి పడుకుంటోంది. తన పాలగ్లాసులోంచి నాకు తీసిపెట్టే మీగడ. ఆదివారం మధ్యాహ్నం అష్టాచెమ్మా. లెక్కల్లో నాకు మంచి మార్కులొస్తే వీధంతా చెప్పుకు రావడం. ఆరోది రాయడానికి చాలాసేపు పట్టింది. అది ‘మా అక్క’ అనే మాట. అప్పటిదాకా ఆ మాట అనే హక్కు నా ఒక్కదానికే ఉండేది. ఇప్పుడు కొల్లేరు మధ్యలో ఇంకో ఇద్దరికి వచ్చింది.

మాది తాడేపల్లిగూడెం. అమ్మకు పెళ్ళయిన తొమ్మిదేళ్ళ దాకా పిల్లల్లేరు. ఆ రోజుల్లో కొల్లేరు లంక నుంచి ఒకావిడ మా మార్కెట్టుకు వచ్చి ఎండుచేపలు అమ్మేది. ఒక ఏడు వరదకు వాళ్ళ ఇల్లు కూలిపోయింది, భర్త మంచాన పడ్డాడు. ఒళ్ళో మూడు నెలల తొలిచూలు ఆడపిల్ల. ఆవిడకు పాలు పడలేదు. ఆ పిల్లను మా అమ్మ చేతుల్లో పెట్టి, మళ్ళీ మీ వీధి తొక్కనని మాటిచ్చి వెళ్ళింది. ఆ మాట మీదే నిలబడింది. ఆ పిల్లే మా అక్క. నేను ఆ తర్వాత నాలుగేళ్ళకు అమ్మ కడుపున పుట్టాను.

పదో తరగతి అప్లికేషను నింపిన రోజు అమ్మే అక్కకు ఈ సంగతి చెప్పింది. అక్క ఏడవలేదు. “ఆవిడది ఏ ఊరమ్మా?” అని మాత్రం అడిగింది. అమ్మకు తెలిసిందల్లా కొల్లేట్లో ఏదో లంక అని. అక్కడ లంకలు ఒకటీ రెండూ కావు. వేసవి సెలవులు రాగానే నాన్న ఆదివారాలు అక్కను వెంటబెట్టుకుని వెతకడం మొదలుపెట్టారు. ఏలూరు దాకా రైలు, అక్కడినుంచి బస్సు, ఆపైన పడవ. మొదటి ఆదివారం వెళ్ళిన లంకలో అలాంటి మనిషే లేదన్నారు. రెండో ఆదివారం ఒక ముసలాయన, “వరదకి ఇల్లు పోయినోళ్ళాండీ? అవతలి లంకకి ఎళ్ళిపోయారండీ” అని చెయ్యి చూపించాడు. మూడో ఆదివారం ఆవిడ దొరికింది. భర్త కోలుకున్నాడు, అక్క తర్వాత ఇద్దరు మగపిల్లలు పుట్టారు. ఇంటికొచ్చిన అక్క, ఆవిడ ముక్కూ తన ముక్కూ ఒకటేననీ, కాలి బొటనవేలి పక్కవేలు ఇద్దరికీ పొడవేననీ చెబుతుంటే నేను నా కాళ్ళు చూసుకున్నాను. నా వేళ్ళు అందరి వేళ్ళలాగే ఉన్నాయి.

ఆ లంకకు బాడుగ పడవలు ఎప్పుడు పడితే అప్పుడు దొరకవు. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నారు. మర్నాడు రేవుకు పడవ పంపుతున్నానని లంకావిడ, శనివారం మా మార్కెట్టుకు వచ్చే ఇంకో ఎండుచేపలావిడ చేత కబురు పంపాలి. కబురు వస్తేనే నాన్న అక్కను తీసుకెళ్తారు. మార్కెట్టుకు వెళ్ళి ఆ కబురు తేవడం నా పని. మొదటి శనివారం ఆవిడ, “రేపు పొద్దున్నే రేవులో పడవుంటదని మీ అమ్మగారికి చెప్పు చిన్నపాపా” అంది. నేను ఇంటికొచ్చి, “ఏమీ చెప్పలేదమ్మా” అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని నాకప్పటిదాకా తెలియదు.

ఐదు శనివారాలు ఐదుసార్లు అదే మాట చెప్పాను. మొదటి ఆదివారం అక్క నాతో అష్టాచెమ్మా ఆడింది. పుస్తకంలో ఒకటి కొట్టేశాను. మూడో ఆదివారానికి ఆడడం మానేసింది. ఐదో ఆదివారం కంచంలో అన్నం కెలుకుతూ, “నేను ఆవిడకి నచ్చలేదేమోనే” అంది. వేరే ఎవరితోనూ కాదు, నాతోనే అంది. వంటింట్లోంచి విన్న అమ్మ, “పిలవకపోతే మాత్రం వెళ్ళకూడదా? వచ్చే ఆదివారం మనమే వెళ్దాం” అంది.

అలా అమ్మా నాన్నలతో మొదటిసారి నేనూ కొల్లేరు చూశాను. రేవులో పడవతో సహా లంకావిడే ఉంది, పక్కన ఇద్దరు పిల్లలు. మమ్మల్ని చూడగానే పెద్దవాడు, “ఐదు వారాల్నుంచీ...” అని అందుకున్నాడు. “ముందు గెడ పట్టుకోరా నువ్వు” అని ఆవిడ వాడి నోరు మూయించింది. అక్క, “కబురెందుకు పంపలేదు?” అని అడిగింది. ఆవిడ ఒక్కసారి నావైపు చూసింది. కబురు ఎవరి చేతికిచ్చిందీ ఎండుచేపలావిడ చెప్పే ఉంటుంది. నేను అమ్మ వెనక్కి జరిగాను.

“గాలెక్కువగా ఉందమ్మా, పడవ నిలవదని నేనే పంపలేదు. తప్పు నాదే” అంది ఆవిడ.

మా వైపు ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఆ తర్వాత రెండు, మూడు. ఆ లంకలో పడవ దిగే పిల్లల్ని కూడా అలాగే లెక్కపెడతారని ఆ రోజే చూశాను. తలల లెక్క సరిపోయాకే పడవ కడతారు. లంక చేరగానే ఆవిడ మోకాటి లోతు నీళ్ళలో నిలబడి అక్క తల మీద చెయ్యి వేసి “లాభం” అంది. పెద్దవాడు రెండు, చిన్నవాడు మూడు. చిన్నవాడు కిసుక్కున నవ్వాడు. “ఇయ్యాలకి లెక్క సరిపోయిందండీ! రోజూ మేమిద్దరమే దిగుతామా, మా అమ్మేమో ఉత్తి గాల్లో చెయ్యి పెట్టి లాభం అని, మాకాడికొచ్చి రెండూ, మూడూ అంటది. మా అమ్మకి లెక్కలు రావనుకునేవోళ్ళం.”

పదిహేనేళ్ళు, రోజూ. నేను మనసులోనే గుణించుకున్నాను. ఐదు వేలు దాటింది. అక్క లేనిచోట అక్కను అన్నిసార్లు లెక్కపెట్టారు. మా ఇంట్లో నన్ను ఎవరూ ఒక్కసారైనా లెక్కపెట్టిన గుర్తు లేదు. ఎప్పుడూ పక్కనే ఉన్నదాన్ని ఎవరు లెక్కపెడతారు? అంతలో తడిచెయ్యి ఒకటి నా తల మీద పడింది. “నాలుగు” అంది ఆవిడ.

మధ్యాహ్నం కొరమీను తోముతూ నన్నొక్కదాన్నే పిలిచింది. “నీకు లెక్కలు బాగా వచ్చంటగా. ఎన్ని ఆదివారాలు?” అంది.

“ఐదండీ” అన్నాను. ఏడుపొచ్చేసింది.

“నాకేం ఇయ్యక్కర్లేదులే. మీ అక్కకి తీర్చు.” అంతే. చేప తోముకుంటూ కూర్చుంది. నేను చేసింది ఆవిడ బతికినంత కాలం ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత నేను అక్కతో లంకకు ఎన్నిసార్లు వెళ్ళానో చెప్పలేను. కానీ తీర్చడానికి నేనొక నియమం పెట్టుకున్నాను. పొద్దున బయల్దేరినప్పటినుంచి ఇంటికి చేరేదాకా నాలో ఒక్కసారి కూడా అసూయ లేవకపోతేనే ఆ ఆదివారం తీరినట్టు. ఇన్నేళ్ళలో అలాంటివి రెండే. ఒకటి, ఆవిడ జబ్బుపడి నన్నూ అక్కనూ గుర్తుపట్టలేక, ఇద్దరి తలల మీదా చెయ్యివేసి ఇద్దరినీ లాభం అన్న రోజు. రెండోది, ఆవిడ పోయాక నేను అక్కకు నిజం చెప్పిన రోజు. పడవలో చెప్పాను. ఏలూరులో తన ఇంటికి చేరాక అక్క నన్ను కింద కూర్చోబెట్టి దువ్వెన తీసింది. “జుట్టంతా ఏమైపోయిందే నీకు” అని, ఉన్నదాంతోనే రెండు జడలు వేసింది.

పోయిన నెల మళ్ళీ వెళ్ళాం. ఇప్పుడు రేవులో లెక్కపెట్టేది చిన్నవాడు. వాడి మీసాలూ నెరిశాయి. అక్క తల మీద చెయ్యి పెట్టి లాభం అన్నాడు, తర్వాత వాళ్ళ అన్న, తర్వాత తను. నేను నాలుగు. యాభై దాటిన దాన్ని, అప్పుడు కూడా లోపల ఎక్కడో చురుక్కుమంది. కాబట్టి ఆ ఆదివారం లెక్కలోకి రాదు.

ఇంకా మూడు ఉన్నాయి.