వట్టివేళ్ల పందిట్లో మామిడి వాసన

నిన్నటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. కడపలో ఒక కాలేజీ మైదానంలో జనం చూడ్డానికని నేను డిజైన్ చేసిన చెక్క పందిరికి ఇవాళే తొలిరోజు. వారం తిరిగేలోపు విప్పేసే పందిరి అది. లోపలికి రాగానే చల్లటి వాసన తగలాలని చుట్టూ వట్టివేళ్ల తడికెలు కట్టించి, పొద్దున్నుంచి నేనే వాటిమీద నీళ్లు చల్లుతూ తిరిగాను. వచ్చినవాళ్లు ఫోటోలు దిగి వెళ్లిపోయారు తప్ప వాసన మాట ఒక్కరూ ఎత్తలేదు.

మధ్యాహ్నం ఎండకు తాళలేక ఒక పెద్దామె బనగానపల్లె మామిడిపండ్ల బుట్టతో లోపలికొచ్చి మూలన కూర్చుంది. ఆ తర్వాత వచ్చినవాళ్లంతా ఊపిరి గట్టిగా పీల్చి, "మామిడి వాసన శానా బాగా పెట్టినారు సార్" అని నా చెయ్యి పట్టుకుని ఊపారు. నేను కాదనలేదు.

సాయంత్రం ఆమె బుట్ట ఎత్తుకోబోతుంటే నాకు గాబరా పుట్టింది.

"ఇంకాసేపు కూర్చో పెద్దమ్మా" అన్నాను.

"పండ్లు కావాలంటే కొనుక్కో నాయనా, నన్నేటికి కూర్చోబెడతాండావు?" అంది.

బుట్టంతా కొనేశాను. రేపు దాన్ని తడికె వెనక దాచాలా, అందరికీ కనిపించేలా ముందు పెట్టాలా? మీరే చెప్పండి, నాకైతే నిద్ర పట్టేలా లేదు.