చెడిపోని మూడు బీపీ మిషన్లు

నంద్యాలలో ఒక చిన్న ఆసుపత్రిలో చేరిన కొత్తలో, నేను ఒకే పూటలో మూడు బీపీ మిషన్లను చంపేసి, ఇంకాస్తయితే ఒక మనిషిని కూడా ఆ వరసలోకి పంపేవాణ్ణే. ఇల్లలకగానే పండగ కాదంటారు. తెల్లకోటు తొడగ్గానే డాక్టరూ కాదని నాకెవరూ చెప్పలేదు మరి.

ఆళ్లగడ్డ నుంచి వీరాచారి అనే శిల్పి వచ్చాడు. ఎడమచేతివాటం. ఎనిమిదేళ్ల కిందట గుండెకు బైపాస్ అయింది.

"సుత్తి ఎత్తి నాలుగు దెబ్బలేస్తే రొమ్ము పట్టేస్తాండాది సార్. కింద పెడితే తగ్గిపోతాది."

"మెట్లెక్కితే?"

"ఏం కాదు. అహోబిలం కొండైనా ఎక్కుతా."

ట్రెడ్‌మిల్ మీద నడిపించి ఈసీజీ తీశాను, శుభ్రంగా ఉంది. కుడిచేతికి బీపీ చూశాను, అదీ బాగుంది. ఇక నా తెలివి ఆగలేదు.

"గ్యాస్! ఈ మాత్రలు మింగు. ఉగ్గాని, బజ్జీ బంద్," అని తీర్పిచ్చాను. మా సీమ మనిషికి అది ఉరిశిక్ష కంటే ఒక మెట్టే తక్కువని మీకు వేరే చెప్పాలా?

పదిరోజులకు చెమటలు కక్కుతూ మళ్లీ వచ్చాడు. చేర్చుకున్నాం. కుడిచేతికి సెలైన్ సూది ఉందని నర్సు మస్తాన్‌బీ ఎడమచేతికి పట్టీ చుట్టింది.

"సార్, తొంభై ఉండాది."

"మిషన్ చెడిపోయింది. ఇంకోటి తే."

"ఇదీ తొంభయ్యే."

"ఇదీ చెడిపోయింది!"

మూడోదీ తొంభయ్యే అంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మూడింటినీ బల్లమీద శవాల్లా పడుకోబెట్టాను. మస్తాన్‌బీ ఊరుకోలేదు. సెలైన్ ఆపి, అందులో ఒకదాన్ని కుడిచేతికి పెట్టింది.

"ఈడ నూటముప్పై చూపిస్తాండాది సార్!"

"అయితే సగమే చెడింది!"

అంతలో పెద్ద డాక్టరు వచ్చారు. "ఏందప్పా, మూడు మిషన్లూ ఎడమపక్కనే చెడిపోయినాయా?" అంటూ వీరాచారి రెండు మణికట్లూ ఒకేసారి పట్టుకున్నారు. ఎడమ నాడి పస్తులున్నదానిలా నీరసంగా కొట్టుకుంటోంది.

"ఎడమచెయ్యికి పోయే పెద్ద రక్తనాళం, ఇదో, ఈ కాలర్‌బోన్ కింద ఉండాది. బైపాస్‌లో దాని కొమ్మనే గుండెకు కలిపినారు. ఇప్పుడు ఆ నాళం మొదట్లోనే పూడుకపోయినట్టుండాది. ఈయప్ప సుత్తి ఎత్తినప్పుడల్లా గుండెకు పోవాల్సిన రక్తాన్ని చెయ్యి వెనక్కి లాక్కుంటాండాది. నువ్వేమో గ్యాస్ మాత్రలిస్తాండావ్!"

ఆ మాత్రలతోనే మళ్లీ ఇంటికి పంపుంటే? ఈసారి చెమటలు నాకు పట్టాయి. స్కాన్‌లో ఆయన చెప్పిందే తేలింది. పూడిన చోటును బెలూన్‌తో వెడల్పు చేసి స్టెంట్ వేశారు.

నెలకు వీరాచారి నవ్వుతూ వచ్చాడు. "దినమంతా చెక్కుతాండా సార్, నొప్పే లేదు." సిగ్గుతో క్షమించమన్నాను.

"ఉండనీ సార్. దొంగతనం చేసింది చెయ్యి, మీరు కడుపును జైల్లో ఏసినారు. అంతే కదా!"

వార్డంతా నవ్వింది, అందరికంటే గట్టిగా మస్తాన్‌బీ. అందుకే నా స్టెతస్కోపు మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇకమీదట పెళ్లిపందిట్లో ఎవరైనా షేక్‌హ్యాండ్‌కు ఒక చెయ్యి చాపినా సరే, రెండోదీ ఇమ్మంటాను.