వెయిటింగ్ రూములో వేరుసెనగ పాలు

కాశీలో ప్రియమైనదొకటి విడువవలెనన్న ఆచారాన్ని అనుసరించి నా భార్య పాలు విడిచింది. తిరుగు ప్రయాణంలో జ్వరపడి, టాటానగర్ స్టేషను వెయిటింగ్ రూములో నీరసించి కూర్చున్నది. అన్నం సహించదు, పాలు ముట్టదు. ఆ ఊళ్లోనే బర్మామైన్స్ అనే పేటలో కాపురముంటున్న ఒక శ్రీకాకుళపు స్త్రీ తన సీసాలోని తెల్లని పానీయాన్ని గ్లాసులో పోసి, “సెనక్కాయ పాలమ్మా. మా పాపకి ఆవుపాలు పడవు, ఇయ్యే కాసి పడతన్నాను,” అన్నది.

“నా నియమం చెడగొట్టడానికి ఇద్దరూ కూడబలుక్కున్నారా?” అని నా భార్య నన్ను గద్దించింది.

“ఏటమ్మా, కాశీలో పాలొదిలేరా, పేణం ఒదిలేరా?” అని నవ్వి, ఆమె పాప కోసం నానబెట్టి తెచ్చుకున్న గింజలు గుప్పెడు నలిపి, నీళ్లు చేర్చి, గుడ్డలో వేసి మా కళ్లయెదుటే పిండింది. తెల్లని చుక్కలు గిన్నెలో రాలినవి.

నా భార్య వాటిని తదేకంగా చూచి, గ్లాసు అందుకొని ఖాళీ చేసింది.

“ఇంకా ఉన్నవా, తల్లీ?” అన్నది.